అధ్యాపక గోష్ఠి: గుత్తిలో పుట్టిన యొక తలంపు

విద్యార్థి యేమి నేర్చుచున్నాడని మనము దినదినమును ప్రశ్నించుచున్నాము. అందుకై పరీక్షలు పెట్టుచున్నాము, పట్టము లిచ్చుచున్నాము, తప్పినవానిని నిందించుచున్నాము. ఆ విద్యార్థికి బోధించెడి యధ్యాపకుడు తానేమి నేర్చుచున్నాడని మాత్ర మెవ్వరును ప్రశ్నింపరు. ఎం. ఏ. పట్టము చేతికి వచ్చిన నాడే యతని చదువు ముగిసినదని లోకముయొక్క నమ్మకము. చెఱువు నిండినది, ఇక తూము తీసి పారించుటయే తరువాయి యని మన యూహ. కాని పైనుండి నీరు దిగని చెఱువు ఎన్నాళ్లు పారును? రెండు పంటలకు తరుగును. మూడవ పంటకు నడుసు బయటపడును.

ఈ మాట యితరులను దూషించుటకై వ్రాయుట లేదు. నేనును కొంతకాల మొక కళాశాలలో బోధకుడనుగా నుంటిని. చేరిన యేడాది వ్రాసికొన్న నోటుపుస్తకముతోనే పదునొకం డేండ్లు గడపితిని. దాని యట్టలు చినిగినపుడు మఱల గుట్టించితిని గాని లోపలి పుటలను మార్చలేదు. ఒకనా డొక విద్యార్థి లేచి, నేను చెప్పినదానికి కారణమేమని యడిగెను. “అది పరీక్షలో రాదు, కూర్చుండుము” అంటిని. అతడు కూర్చుండెను. ఆ దినమున నతనికంటె నేనే యెక్కువ నష్టపోతినని గ్రహించుటకు నాకు చాలకాలము పట్టినది. ప్రక్కగదిలో నదే పాఠము చెప్పుచుండిన మిత్రునకును ఆ కారణము తెలియదని పిమ్మట నెఱిగితిని. ఆ పదునొకం డేండ్లలో మే మిరువురము జీతములను గూర్చి మాటలాడుకొంటిమి, సెలవులను గూర్చి మాటలాడుకొంటిమి; పాఠమును గూర్చి యొక్కనాడును మాటలాడుకొనలేదు.

ఉన్నత విద్యాశాలలలోని యీ యొంటరితనము వ్యక్తుల దోషము మాత్రమే కాదు. దీనికొక చరిత్ర కలదు. 1857వ సంవత్సరమున కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములందు విశ్వవిద్యాలయములు స్థాపింపబడినవి. నాటి లండను విశ్వవిద్యాలయమును జూచి వీనిని నిర్మించిరి. అవి ముఖ్యముగా పరీక్షలు జరిపి పట్టము లిచ్చెడి సంస్థలు. బోధన మంతయు వానికి జేరిన కళాశాలలయందే జరుగుచుండెను. పాఠ్యక్రమమును నిర్ణయించువా డొకడు, బోధించువాడు మఱియొకడు, పరీక్షించువాడు వేఱొకడు. ఇట్టి యేర్పాటులో బోధకునకు మిగిలిన పని, పై నుండి వచ్చినదానిని క్రిందికి దించుట. 1904వ సంవత్సరపు విశ్వవిద్యాలయముల చట్టము వానికి స్వయముగా బోధించుటకును, ఆచార్యులను నియమించుటకును అధికార మొసగెను. అయినను దూరపు పట్టణములలోని కళాశాలల స్థితి దానితో వెంటనే మారలేదు. గ్రంథాలయములలో పాఠ్యపుస్తకములను మించిన గ్రంథము లరుదు. యూరపుఖండమున వెలువడెడి శాస్త్రపత్రికల నన్నిటిని తెప్పించుకొనుట యొక బోధకుని జీతమునకు మించిన పని.

ఇట్టి కాలమున గుత్తిలో నొక తలంపు పుట్టినది. గుత్తి యన్న మనకు కొండమీది కోట జ్ఞప్తికి వచ్చును గాని, గణితశాస్త్రము జ్ఞప్తికి రాదు. 1906వ సంవత్సరాంతమున నచ్చట డిప్యూటీ కలెక్టరుగా నుండినవారు వి. రామస్వామయ్యరుగారు. ఆయన యుద్యోగము రెవెన్యూశాఖలోనిదైనను మనస్సు గణితముమీదనే యుండెను. మిత్రు లాయనను “ప్రొఫెస”రనియే పిలిచెడివారు. ఆ సంవత్సరము డిసెంబరు 25వ తేదీని ఆయన గణితాభిమానులైన కొందఱు మిత్రులకు లేఖ వ్రాసెను. మన దేశమున గణితమును పైకి చదువగోరువారికి గ్రంథములు లేవు, పత్రికలు లేవు. ఒక్కొక్కరికి సాధ్యము కానిది పదిమంది కూడిన సాధ్యమగును గావున మనమొక చిన్న సంఘముగా నేర్పడి, చందాలు వేసికొని పత్రికలను దెప్పించి, ఒకరి తరువాత నొకరము చదువుకొందము అనునదియే యా లేఖలోని సారము.

1907వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీని ఇరువదిమంది సభ్యులతో నా సంఘము వెలసినది. మొదట దానికి “అనలిటిక్ క్లబ్బు” అని పేరు; 1910లో క్రొత్త నిబంధనావళిని అంగీకరించుకొని “ఇండియన్ మాథమాటికల్ సొసైటీ” అయ్యెను. బి. హనుమంతరావుగారు తొలి యధ్యక్షులు. కేంబ్రిడ్జిలో 1899వ సంవత్సరమున గణితపరీక్షయందు ప్రథమస్థానము నందిన ఆర్. పి. పరాంజపేగారు అప్పుడు పూనాలోని ఫెర్గూసన్ కళాశాలకు ప్రధానాచార్యులు. సంఘపు గ్రంథాలయమున కా కళాశాలలోనే చోటు దొరకినది. గుత్తిలో తలంపు, పూనాలో పుస్తకములు, సభ్యులో దేశపు నలుమూలల! ఇంత దూరముల నడుమ సంఘము నిలిచినది తపాలా కట్టలమీదనే. క్రొత్త పత్రిక పూనానుండి తపాలలో నొక సభ్యునకు వచ్చును. అతడు చదివి రెండవవానికి బంపును. నగరమునకు దూరమున నున్న బోధకునకును, తన శాస్త్రము నేడు ప్రపంచమున నే మెట్టుమీద నున్నదో చూచు భాగ్య మిట్లు కలిగినది.

పత్రికల పంపకముతోనే వారు తృప్తి నొందలేదు. 1909వ సంవత్సరమునుండి తమ సొంత పత్రికను వెలువరింప నారంభించిరి. బెంగుళూరు సెంట్రల్ కళాశాలలోని ఎం. టి. నారాయణయ్యంగారుగారు దానికి సంపాదకులు. అందులో ప్రశ్నల భాగ మొకటి యుండెను. ఒక సభ్యుడు తాను గనిపెట్టిన ప్రశ్నను బంపును; ఇతరులు సాధింప యత్నింతురు; సాధించినవారి సమాధానము తరువాతి సంచికలలో నచ్చగును. ఇది చిన్న విషయముగా దోచవచ్చును. కాని తరగతిలో బోధకుడు ప్రశ్నించును, శిష్యుడు జవాబు చెప్పును. జవాబు బోధకునకు ముందే తెలియును. ఇచ్చట నట్లు కాదు. ఆచార్యుడును, గుమాస్తాయును, కలెక్టరును ఒకే ప్రశ్నయెదుట సమానులై కూర్చుండవలసివచ్చెను. తెలియనిదానిని తెలియదని యొప్పుకొని మఱల పలక చేత బట్టుట బోధకునకు మరపు వచ్చిన విద్య. ఆ విద్యను ఈ పుట లాయనకు మఱల నేర్పినవి.

1911వ సంవత్సరమున నా భాగమున నొక చిత్రమైన ప్రశ్న యచ్చుపడినది. ఒకటికి, వేఱొక వర్గమూలమునకు రెండు రెట్లు గలిపి, ఆ మొత్తమునకు వర్గమూలము తీయవలెను. ఆ లోపలి వర్గమూలము క్రింద ఒకటియు, మఱియొక వర్గమూలమునకు మూడు రెట్లును. దానిలోపల నాలుగు రెట్లు, ఇట్లంతులేక సాగెడి రాశికి విలువ యెంత? ఆరుమాసములు గడచినను సమాధానము పంపినవారు లేరు. తుదకు ప్రశ్న వేసినవాడే దాని విలువ 3 అని చెప్పి కారణమును జూపెను. అతడే శ్రీనివాస రామానుజుడు. నాటి కతడు కళాశాలలో నుండి వెడలినవాడు. కుంభకోణములో వేతనము పోగొట్టుకొని, మద్రాసులో 1906లోను, 1907లోను ఎఫ్. ఏ. పరీక్ష తప్పినవాడు. గణిత మొక్కటి తప్ప తక్కిన విషయములందు మార్కులు రానివానికి నాటి పరీక్షావిధానమున చోటు లేకపోయెను.

పరీక్ష చూడలేనిదానిని అధ్యాపక గోష్ఠి యెట్లు చూచినదో క్రమముగా గమనింపుడు. 1910వ సంవత్సరమున నుద్యోగము నర్థించుచు రామానుజుడు తిరుక్కోయిలూరికి బోయి యొక డిప్యూటీ కలెక్టరునకు తన నోటుపుస్తకములను జూపెను. ఆ యధికారి మఱెవ్వరో కాదు, గుత్తిలో సంఘమును దలపెట్టిన రామస్వామయ్యరుగారే. ఇట్టి ప్రజ్ఞను రెవెన్యూశాఖలోని చిన్నపనిలో పూడ్చిపెట్టుట కాయనకు మన సొప్పలేదు. మద్రాసునందలి మిత్రులకు జాబులిచ్చి పంపెను. అచ్చట గణితాచార్యులైన పి. వి. శేషయ్యరుగారు, కుంభకోణమున రామానుజుని ముందే యెఱిగినవారు, అతనిని నెల్లూరికి దారి చూపిరి. అప్పుడు నెల్లూరి కలెక్టరు ఆర్. రామచంద్రరావుగారు, ఆయనయు నా సంఘమునకు కార్యదర్శి. మొదట నాయనకు నమ్మకము కుదురలేదు. అయినను ద్రోసివేయక, మఱల మఱల పిలిపించి, నోటుపుస్తకములోని విషయము నోపికతో విని, తుదకు నెలకు 25 రూపాయల చొప్పున తన సొంత ధనమునుండి యిచ్చి పోషించెను. 1912వ సంవత్సరము మార్చి 1వ తేదీని రామానుజుడు మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తాగా జేరెను. అచ్చటి ముఖ్యగణకుడు ఎస్. నారాయణయ్యరుగారు. ఒకప్పుడు గణితము బోధించిన యాయనయే సంఘమునకు కోశాధికారి!

ఈ గొలుసులో నొక్క కడియైనను యాదృచ్ఛికము కాదు. ఈ నలువురును తమ పట్టములు చేతికి వచ్చిన పిమ్మటను చదువుచుండినవారు. అందుచేతనే యా చినిగిన నోటుపుస్తకమును జూచినపుడు, అది పిచ్చివ్రాత యని పాఱవేయక, తమకు బోధపడకపోయినను ఇందులో నేదో కలదని నిలిచి చూడగలిగిరి. ఒక్కరికి సందేహము కలిగినపుడు రెండవవాని నడుగుటకు వారికి దారి యుండెను. చదువు మానిన పండితుని కంటికి తనకు తెలియని దంతయు తప్పుగా గనబడును. చదువుచున్నవాని కంటికి తనకు తెలియనిది ప్రశ్నగా గనబడును. ఈ భేదమే ఒక మేధావి బ్రతుకును నిర్ణయించినది.

నేర్పు ఒక వైపుననే ప్రవహింపలేదు. రామానుజుని మొదటి వ్యాసము, బెర్నౌలీ సంఖ్యల గుణములను గూర్చినది, 1911లో సంఘపత్రికయందే వెలువడినది. అతని వ్రాత మిక్కిలి సంగ్రహము. నడుమ మెట్లు వదలివేయుట యతని యలవాటు. సంపాదకుడు వ్రాతప్రతిని త్రిప్పి పంపి, ఇచ్చట స్పష్టము చేయుము, అచ్చట కారణము చూపుమని పలుమా రడుగవలసివచ్చెను. రాత్రివేళల నారాయణయ్యరుగారు పలకలు ముందిడుకొని యతనితో గూర్చుండి, పది మెట్ల నొక్కసారిగా దుముకవలదని, తమవంటివారికి దెలియునట్లు చెప్పుమని బ్రతిమాలెడివారు. మేధావికి లోకముతో మాటలాడుట నేర్పినది వీరు. వీరికి తమ శాస్త్రపు లోతు చూపినది మేధావి. 1913వ సంవత్సరము జనవరి 16వ తేదీని రామానుజుడు కేంబ్రిడ్జిలోని హార్డీకి లేఖ వ్రాసెను. 1914లో నౌక యెక్కెను. 1918లో రాయల్ సొసైటీ సభ్యు డయ్యెను. ఆ తరువాతి కథ యెల్లరు నెఱిగినదే. ముందటి కథ యొక చిన్న అధ్యాపక గోష్ఠిది. దాని నెఱిగినవారు కొలదిమంది.

ఇచట నొక యాక్షేపణ రావచ్చును: రామానుజుడు నూరేండ్ల కొకడు, అట్టివానిని జూపి ప్రతి కళాశాలకు గోష్ఠి కావలెననుట యెట్లు? నిజమే. కాని యా సంఘము రామానుజునికొఱకు పుట్టలేదు. అతని పేరు వినకముందే యది పుట్టినది. అతడు 1920లో గతించిన పిమ్మటను బ్రతికినది. 1916వ సంవత్సరమున మద్రాసులో దాని తొలి మహాసభ జరిగినది. 1933లో విద్యార్థులకును, బోధకులకును ఉపయోగించునట్లు “మాథమాటిక్స్ స్టూడెంట్” అను వేఱొక పత్రికను సంఘము ప్రారంభించినది. పేరు రాని యెందఱో బోధకు లా పుటలలో నొక ప్రశ్న సాధించి, తరువాతి సంచికకొఱకు ఎదురుచూచి, ఆ యుత్సాహముతో మఱునాడు తరగతికి బోయినవారే. రామానుజుడు వచ్చిన దినమున ద్వారము తెఱచియుండెననుట విశేషము. అది తెఱచియుండుటకు కారణము, ఎవ్వరును రాని దినములలోను దానిని మూయకుండుటయే.

లోపములను జెప్పక విడుచుట న్యాయము కాదు. ఆ గోష్ఠి యంతయు ఆంగ్లభాషలో సాగినది. ఆంగ్లవిద్య నంద గలిగిన కొలది వర్గములవారే దానిలో నుండిరి. స్త్రీలకును, చదువునకు దూరముగా నుంచబడిన కులములవారికిని నాటి కళాశాలల వాకిటనే యడ్డు కలదు గనుక, గోష్ఠిలో చోటు లేదనుట వేఱుగా జెప్ప నక్కరలేదు. రామానుజున కొక డిప్యూటీ కలెక్టరు జాబు దొరకినది. జాబు దొరకని వా రెందఱు వెనుదిరిగిరో చరిత్ర చెప్పదు. కావున నేటివారు పాత గోష్ఠిని మఱల గట్టునపుడు దాని స్వభావమును గ్రహింపవలెను గాని దాని ప్రహరీగోడను గాదు.

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము ఈ విషయమున నూరకుండలేదు. 1953లో ఏర్పడి 1956లో చట్టబద్ధమైన విశ్వవిద్యాలయ నిధుల సంఘము, 1986వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము ననుసరించి, అధ్యాపకుల శిక్షణకై అకడమిక్ స్టాఫ్ కాలేజీలను 1987నుండి నెలకొల్పించినది. మన ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయములలోను అట్టివి వెలసినవి. 2015లో వీనికి మానవవనరుల యభివృద్ధి కేంద్రములని పేరు మార్చిరి. 2023లో మాలవీయ మిషన్ పేరుతో మఱల మార్చిరి. వీనివలన లాభము నందినవారు కలరు. క్రొత్త విషయములను విని, క్రొత్త మిత్రులను సంపాదించి వచ్చినవారు కలరు. కాని యీ శిక్షణ పదోన్నతికి ముడివేయబడినది. ఎప్పు డట్లు ముడిపడినదో అప్పుడే చాలమందికి నేర్చుట సాధనము కాక, ధ్రువపత్రము సాధ్యమైనది. కొన్ని వారములు గడచును, సంతకములు పడును, పత్రము చేతికి వచ్చును, అధ్యాపకుడు తన కళాశాలకు మఱలి వచ్చి, మఱల నదే గదిలో నదే నోటుపుస్తకముతో నొంటరియగును. విద్యార్థులకు మనము చేసిన కీడునే అధ్యాపకులకును జేసితిమి: చదువును పరీక్షగా మార్చితిమి.

గుత్తి లేఖలో నాజ్ఞ లేదు, పదోన్నతి లేదు, ధ్రువపత్రము లేదు. పైగా చందా కట్టవలెను! అయినను ఇరువదిమంది వచ్చిరి. వారికి గావలసినది చదువు. అది యొంటరిగా దొరకదని వారు గుర్తించిరి. సర్కారు శిక్షణాలయమునకును గోష్ఠికిని గల భేద మిదియే. శిక్షణాలయమున నొకరు చెప్పుదురు, తక్కినవారు విందురు. కాల మయిన పిమ్మట నెవరిదారి వారిది. గోష్ఠిలో వంతులవారిగ నందఱును చెప్పుదురు, అందఱును విందురు, అది ముగియదు.

కావున నేటి విశ్వవిద్యాలయముల యధ్యాపకులకు నా మనవి పెద్దది కాదు. ఒక విషయమును బోధించువారు అయిదుగురు కలిసినను చాలును. వారమున కొక గంట నియమించుకొనుడు. అధికారిని పిలువకుడు, హాజరుపట్టీ పెట్టకుడు. మొదటి వారము, ఆ యేడు తరగతిలో విద్యార్థు లడిగిన ప్రశ్నలలో మీకు సమాధానము తోపని దొకటి తెచ్చి ముందుంచుడు. రెండవ వారము, విద్యార్థుల జవాబు పత్రములు నాలుగు తెచ్చి, వారు తప్పిన చోటు మీ బోధలోని యే చోటో వెదకుడు. మూడవ వారము, ఒకరి తరగతికి మఱియొకరు పోయి వెనుకబల్లమీద గూర్చుండుడు. తప్పు పట్టుటకు గాదు, చూచుటకు. నాలుగవ వారము, క్రొత్తగా వెలువడిన వ్యాస మొకటి కలిసి చదువుడు. నాటివారు తపాలకట్టకై దినములకొలది వేచియుండిరి; నేడు ప్రపంచమునందలి పత్రికలు నిమిషములో మన చేతికి వచ్చుచున్నవి. వచ్చుట సులభమైనది, కూర్చుండి చదువుటయే దుర్లభమైనది. మఱియు గోష్ఠి మాతృభాషలో సాగనిండు. తన శాస్త్రమును తెలుగులో మిత్రునకు జెప్పజాలని యధ్యాపకునకు, గ్రామమునుండి వచ్చిన విద్యార్థికి దాని నెట్లు చెప్పవలెనో తెలియుట కష్టము.

దీనికి తీరిక లేదని యందురు. తీరిక రామస్వామయ్యరుగారికిని లేదు. పగలంతయు శిస్తుల లెక్కలు, భూముల తగాదాలు. దీనికి ధనము లేదని యందురు. ఒక గదియు, ఒక నల్లబల్లయు, కొంచెము సుద్దయు నున్న చాలును. దీనికి ధైర్యము లేదని మాత్ర మెవ్వరును చెప్పరు. అసలు లేనిది అదియే. సాటివాని యెదుట “నాకిది తెలియదు” అనుట కెంతో ధైర్యము కావలెను.

నన్నా ప్రశ్న యడిగిన విద్యార్థి నేడెచ్చట నున్నాడో యెఱుగను. అతని ప్రశ్నకు సమాధాన మంత కష్టమైనది కాదని తరువాత దెలిసికొంటిని. పుస్తకములు తిరుగవేసి, ప్రక్కగది మిత్రుడును నేనును రెండు సాయంకాలములు గూర్చుండి సాధించితిమి. అప్పటికి మేమిద్దఱమును ఉద్యోగమునుండి విరమించి యుంటిమి. ఆ సాయంకాలములు పదునొకం డేండ్ల ముందు వచ్చియుండిన నతనిని కూర్చుండు మనక, బల్లయొద్దకు రమ్మని యుందును.